కత్తిపీట మీద కూర్చున్నామెదే తల

మొన్న ఆదివారం మా మనుమడి పెళ్ళాం పెరట్లో కూర్చుని బొచ్చె చేపను కోస్తూ చేదు తిత్తిని చిదిపేసింది. చిదిపినందుకు కంగారైనా పడలేదు. రెండు చెంబుల నీళ్ళు కుమ్మరించి ముక్కలు కడిగి, పులుసులో ఇంకాస్త చింతపండు పిసికి పోసి, తలను గోడ మీది పిల్లికి విసిరేసింది. మధ్యాహ్నం అందరూ ఆ పులుసే తిన్నారు. మా మనుమడు ఒకసారి నాలుక చప్పరించి, ఈ పూట కాస్త చేదుగా ఉందేమిటని అడిగితే, తిత్తి పగిలిందని ఆ పిల్ల నవ్వింది, వాడూ నవ్వాడు, ఆ సంగతి అంతటితో అయిపోయింది. నోట్లో పెట్టుకున్న ముద్దను మింగలేక, కక్కలేక నేను వాళ్ళిద్దరినీ చూస్తూ కూర్చున్నాను. నాకు ఒళ్ళు మండింది. పగిలినందుకు కాదు, నవ్వినందుకు.

నాకు అక్షరాలు రావు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా మనుమరాలు. అది అప్పుడే మొహం చిట్లిస్తోంది, ముందు ముందు ఇంకా చిట్లిస్తుంది, అయినా ఒక్క మాటా మార్చకుండా రాయమన్నాను. నా ఈడువాళ్ళకు ఈ సంగతులు విడమరచి చెప్పనక్కర లేదు. ఆకలి అంటే పూట ఆలస్యం కావడం అనుకునేవాళ్ళకు ఎంత చెప్పినా ఎక్కదు, కాబట్టి వాళ్ళ కోసం నేను గొంతు చించుకోను.

నేను ఉదయగిరి కొండ కింద పల్లెలో పుట్టాను. జనం ధాత కరువని చెప్పుకునే ఆ రెండేళ్ళూ మా వైపు చెట్టుకు ఆకు నిలవలేదు. నాగజెముడు పండ్లు ముళ్ళు గీకి తిన్నాం, గడ్డలు తవ్వి ఉడకేసుకున్నాం, సర్కారువాళ్ళు కరువు జనానికి గంజి పోసే దొడ్డి ముందు ఎండలో నిలబడి నిలబడి మా అమ్మ అక్కడే పడిపోయింది. అమ్మ పోయిన నెలకు మా నాయన నన్ను ఆత్మకూరు చెరువు కింది ఊరికి ఇచ్చాడు. ఇచ్చాడంటే పందిరీ బాజాలూ అనుకునేరు. నన్ను వెంటబెట్టుకుని రెండు రోజులు నడిచి వచ్చి, అత్తగారింటి అరుగు మీద కూర్చోబెట్టి, వాళ్ళు పెట్టిన సంకటి తిని, తాళి కట్టడం చూసి, మర్నాడే వెనక్కి తిరిగాడు. సారె కింద నాతో వచ్చినదల్లా ఆయన తన చేత్తో చెక్కిన ఒక చెక్క గరిటె. మా కొండ కింద కొయ్య చెక్కే పని తెలియనివాళ్ళు అరుదు, తినడానికి లేని రోజుల్లో కూడా తినడానికి పనికొచ్చే వస్తువులే చెక్కుతుండేవాళ్ళు.

ఆ ఇంట్లో నాకంటే ముందు వచ్చిన కోడలు, నేను అక్కా అని పిలవవలసిన మనిషి, పెన్న ఒడ్డున పుట్టింది. పొడుగ్గా, నల్లగా ఉండేది, చేతులు మాత్రం మగవాడి చేతుల్లా బలంగా ఉండేవి. మొదటి రోజు నేను ముద్ద వెంట ముద్ద మింగుతుంటే అందరిముందూ చూసి, "నిదానంగా తినుమే, నీ సంకటి ఎవురూ ఎత్తుకపోరు" అన్నది. మాటలో తప్పేమీ లేదని మీరనవచ్చు. మా మనుమరాలు కూడా ఇప్పుడదే అంటోంది. కానీ ఆ మాట అంటూ ఆమె మా అత్త వైపు చూసి కన్ను చికిలించింది, అది నేను చూశాను. ఆ పూట నుంచే ఆ మనిషి మీద నాకు పగ పట్టింది. నా గరిటె చూసి కూడా ఊరుకోలేదు. చేపల పులుసులో గరిటె పెట్టి తిప్పితే ముక్కలు చెదురుతాయనీ, చట్టిని పట్టుకుని కుదపాలనీ తెలియక నేను ఒకసారి గరిటె పట్టుకుని పొయ్యి దగ్గరికి పోతే, కొండోళ్ళు చేపను కూడా గుగ్గిళ్ళ మాదిరి కెలుకుతారా అని ఊరంతా తిరిగి చెప్పింది. చేప మొహమే చూడని ఊరి నుంచి వచ్చినదాన్ని, నాకేం తెలుస్తుంది?

కరువు వెనక్కి తగ్గి వానలు పడ్డాయి. చెరువు నిండింది. ఆ మరుసటి ఎండాకాలం నీళ్ళు అడుగంటే సరికి చెరువు నిండా చేపలే. బెస్తవాళ్ళు పట్టినదాంట్లో మా ఇంటికి ఒక వంతు వచ్చేది, వారానికి రెండు మూడుసార్లయినా కత్తిపీట దిగేది. అప్పటికి నా ఒళ్ళో మూడు నెలల కొడుకు.

అక్క చేపను బాగుచేయడం నేను దూరంగా కూర్చుని చూసేదాన్ని. ఆమెను ఎంత ద్వేషించినా ఆ పనిని మాత్రం ద్వేషించలేకపోయాను, ఇప్పుడు కూడా అబద్ధం చెప్పను. కొర్రమీనును నీళ్ళ తొట్టిలోంచి ప్రాణంతో తీసేది. జారిపోకుండా అరచేతులకు బూడిద పూసుకుని, తల మీద రోకలితో ఒక్క దెబ్బ కొట్టేది, రెండో దెబ్బ నేనెన్నడూ చూడలేదు. ఆ తర్వాత ఒళ్ళంతా బూడిద పట్టించి గరుకు బండ మీద తోక నుంచి తల వైపుకు రుద్దితే పొలుసూ జిగురూ కలిసి నల్లటి ముద్దలా ఊడి వచ్చేవి. రెక్కలు తీసి, మొప్పలు లాగి, పొట్ట కోసి, వేలు లోపలికి పోనిచ్చి పేగులను ఒక్క ఊపున బయటికి తెచ్చేది. ఆ పేగుల మధ్య కార్జానికి అతుక్కుని వేపకాయంత పచ్చటి తిత్తి ఉంటుంది, అదే చేదు తిత్తి. అది పగిలి ఒక్క చుక్క ముక్కలకు తగిలినా చట్టెడు పులుసూ చేదే. అక్క కార్జంలో కాస్త ముక్క పోయినా సరేనని తిత్తిని దానితోపాటు కోసి, ఒక ఆకు మీద పెట్టి, పని అంతా అయ్యాక కాకికి వేసేది. ఆ తర్వాత పొట్టలోని నల్లపొరను గీకి, ఉప్పు వేసి మూడుసార్లు, చింతపండు నీళ్ళతో ఒకసారి కడిగితే, ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నా నీచు వాసన ఉండేది కాదు.

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉండేది. మగవాళ్ళు ముందు తింటారు కదా, మంచి ముక్కలన్నీ వాళ్ళ విస్తళ్ళలోకే పోయేవి, ఆడవాళ్ళకు మిగిలేది పులుసూ తోకా. అందుకని చేపను బాగుచేసినామెకు తల. ఆ తలను మామగారైనా సరే అడగకూడదు. కత్తిపీట మీద కూర్చున్నామెదే తల, అని మా అత్తకు ఆమె అత్త చెప్పిందట. కత్తిపీట మీద కూర్చునేది ఎప్పుడూ అక్కే, కాబట్టి తల ఎప్పుడూ అక్కదే. దాన్ని ఆమె తన ఇద్దరు పిల్లలకూ పంచి, ఎముకలు తాను చప్పరించేది.

నాకు పాలు పడలేదు. కరువులో ఎండిన ఒంట్లోంచి పాలెక్కడినుంచి వస్తాయి? పిల్లవాడు రొమ్ము పట్టుకుని లాగి లాగి, ఏమీ రాక, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయేది. వాడి మెడ వాడిపోయిన కాడలా వాలిపోయేది. కొర్రమీను తల పులుసు తాగితే పాలు ఊరతాయని ఊళ్ళో మంత్రసాని చెప్పింది. నేను సిగ్గు విడిచి అక్కను అడిగాను. మొత్తం కాదు, సగం తల. ఆమె బండ కడుగుతూ తలైనా ఎత్తకుండా, "నా పిల్లకాయలకే చాల్లేదు. తల కావాలంటే పని నేర్చుకోమే" అన్నది. నేర్పమన్నాను. "నీ చేతుల్లో చేప నిలస్తాదా? గంజి చేతులు" అన్నది. మా అత్త దగ్గరికి పోయాను. ఆమె బియ్యం చెరుగుతూ, ఒక ఇంట్లో ఇద్దరు కత్తిపీట ఎక్కితే ఇల్లు రెండవతాదని తేల్చి చెప్పి మళ్ళీ చేట అందుకుంది.

ఆ గంజి చేతులన్న మాట మా అమ్మను అన్నట్టే తోచింది నాకు. ఆ రోజు నుంచి నేను చేప పనిని చూడడం మానలేదు, కానీ చూసే కన్ను మారింది. నేర్చుకోవడానికి చూడలేదు. ఎక్కడ పాడుచేయవచ్చో కనిపెట్టడానికి చూశాను. అక్క ఒక్కసారి తప్పు చేస్తే చాలు, కత్తిపీట నాకు వస్తుంది, తల నాకు వస్తుంది, పిల్లవాడు బతుకుతాడు. నా లెక్క అంతవరకే. అంతకుమించి ఆలోచించే బుద్ధి ఉంటే నేను నేనెందుకవుతాను?

ఆ నెలలోనే మా అత్తగారి అన్న వస్తున్నాడని కబురు వచ్చింది. ఏదో గట్టు తగాదాలో మా మామగారితో మాటామాటా పెరిగి ఆయన ఆ గడప తొక్కడం మానేసి ఆరేళ్ళయింది. కరువులో ఎవరు పోయారో ఎవరు మిగిలారో తెలియని కాలం దాటాక, చెల్లెలు బతికే ఉందని విని, తానే దిగివచ్చి కబురంపాడు. మా అత్త నవ్వడం నేను మొదటిసారి ఆ రోజే చూశాను. మొహమంతా ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్నట్టు కొత్తగా ఉండింది. ఇల్లంతా అలికించింది, బెస్తవాళ్ళకు చెప్పి మోచేయంత కొర్రమీనును తెప్పించింది, అన్నకు అదంటే ప్రాణమని పదిసార్లు చెప్పింది.

అక్క చేపను బాగుచేసి, ముక్కలు కోసి, చివరి కడుగు కూడా అయ్యాక మంచి నీళ్ళ కోసం బావికి పోయింది. ముక్కలు గిన్నెలో తెల్లగా ఉన్నాయి. పక్కన ఆకు మీద తిత్తి ఉంది. నేను పిల్లవాణ్ణి చంకలో పెట్టుకుని అక్కడికి పోయి, ఆ తిత్తిని ముక్కల పైన పట్టుకుని బొటనవేలి గోరుతో చీల్చాను. పచ్చగా కారింది. గిన్నెను రెండుసార్లు కుదిపి, ఉత్త తొక్కను గడ్డి వాములోకి విసిరేసి, మళ్ళీ నా చోట వచ్చి కూర్చున్నాను. నా ఒళ్ళో పిల్లవాడు ఆకలికి తన వేలు తానే చీకుతున్నాడు.

అక్క వచ్చి ఉప్పూ పసుపూ పట్టించింది. పసుపులో ఏ రంగైనా కలిసిపోతుంది. ఆకు వైపు చూసి, "తిత్తేదిమే?" అని అడిగింది. కాకి ఎత్తుకుపోయిందన్నాను. ఆమె గోడ వైపు ఒకసారి చూసి చింతపండు పిసకడంలో పడింది. చట్టి పొయ్యెక్కింది. చుట్టం తినక ముందు పులుసును నాలుక మీద వేసుకుంటే ఎంగిలవుతుందని ఆ ఇంట్లో ఎవరూ రుచి చూడరు, అక్క వాసన బట్టే ఉప్పూ పులుపూ చెప్పేది. వాసనకు చేదు తెలియదు. అది కూడా నేను ముందే కనిపెట్టి పెట్టుకున్నాను.

మా అత్త తానే వడ్డించింది. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, చెల్లెలి మొహంలోకి చూశాడు. రెండో ముద్ద కూడా తిన్నాడు, మొదటిది పొరపాటేమో అని చూసుకున్నట్టు. ఆ తర్వాత విస్తరి మడిచి లేచి చేయి కడుక్కున్నాడు. "రావద్దనేదానికి ఇంత పులుసెందుకమ్మా? నోటితో చెప్పుంటే సరిపోయేది" అన్నాడు. గొంతు ఎత్తలేదు. కండువా భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఎండలో పడి వెళ్ళిపోయాడు. మా అత్త వెంట పరుగెత్తింది, అన్నా అన్నా అని వీధి మలుపు దాకా పోయింది. ఆయన తిరిగి చూడలేదు.

నాకు అప్పుడు గానీ తెలియలేదు. ఆ చెరువుల కింది ఊళ్ళలో, గడప తొక్కవద్దని నోటితో చెప్పలేని చుట్టానికి తిత్తి చిదిపిన చేప పెడతారట. పూర్వం ఎవరో అలా చేశారట, అప్పటినుంచి చేదు చేప పెడితే మీకూ మాకూ చెల్లు అని అర్థమట. అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట అది. మా కొండ కింద చేపే లేదు, చేపతో చెప్పే మాట మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? నేను అక్క కత్తిపీట లాక్కుందామనుకుని, మా అత్తకు పుట్టిల్లు లేకుండా చేశాను.

మా అత్త తిరిగి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. "తిత్తి ఎవురు పగలగొట్టినారు?" అని అడిగింది. అక్క నా వైపు చూసింది. నా మొహం కాదు, నా కుడిచేతి బొటనవేలు చూసింది. గోటి సందులో పచ్చటి మరక ఇంకా ఉంది. నేను ఆ చేతిని పిల్లవాడి పొత్తిలిగుడ్డ కిందికి తోశాను. ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు నన్ను మెడపట్టి గెంటుతారు, ఉదయగిరి దాకా ఈ పిల్లవాడితో ఎలా నడవాలి, అని నేను అనుకుంటూ ఉండగానే, "నేనే అత్తా. చూసుకోలా" అన్నది.

మా అత్త ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఇంక కత్తిపీట ముట్టవద్దని ఒక్క మాట చెప్పి లోపలికి పోయి పడుకుంది. ఆ తర్వాత ఎంతమంది మనుషులను పంపినా ఆ అన్న రాలేదు, చేతి పొరపాటని ఎంత చెప్పించినా నమ్మలేదు. మూడేళ్ళకు మా అత్త పోతే శవం చూడడానికి కూడా రాలేదు. ఆమె వీధి వైపే చూస్తూ పోయింది. ఇది రాస్తూ మా మనుమరాలు కలం ఆపింది. ఆపవద్దన్నాను.

మళ్ళీ చేపలు వచ్చిన రోజు అక్క కత్తిపీటను కాలితో నా వైపుకు నెట్టి, "కూచో" అన్నది. నా వెనక నిలబడింది. నేను బూడిద తక్కువ పూస్తే ఇంకాస్త బూడిద నా చేతిలో పోసేది, చేపను తలకిందులుగా పట్టుకుంటే లాక్కుని తిప్పి ఇచ్చేది. తిత్తి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేటట్టు పట్టుకుంది, తిత్తి క్షేమంగా ఆకు మీదికి చేరాకే వదిలింది. ఆ పూట తల నా విస్తట్లో పడింది. ఆమె పిల్లలు ఇద్దరూ నా నోటి వైపే చూస్తుంటే నేను ఆ తలను మొత్తం తిన్నాను. చిన్న ఎముక కూడా వాళ్ళకు పెట్టలేదు. పాలు పడ్డాయి. పిల్లవాడు బతికాడు. ఇప్పుడు నవ్వుతూ చేదు పులుసు తిన్న మనుమడు వాడి కొడుకే.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు మేమిద్దరం ఒక్క కప్పు కిందే బతికాం. ఆ ముప్పై ఏళ్ళలో అక్క నా చేతి చేప ఒక్క ముక్క తినలేదు. పచ్చి మామిడికాయ వేసి వండినా, మట్టిచట్టిలో మర్నాటి దాకా నానబెట్టినా, సద్దన్నంలో మజ్జిగే పోసుకునేది. నిజం ఎవరికీ చెప్పలేదు. ఒక్కసారి జుట్టు పట్టుకుని ఉంటే, ఊరి నడివీధిలో నిలబెట్టి నా బొటనవేలు అందరికీ చూపి ఉంటే, నేను ఏడ్చో, ఎదురు తిరిగో, ఏదో ఒకటి చేసి తేలికపడేదాన్ని. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు. నా పిల్లవాడిని చూసి జాలిపడిందో, సగం తల ఇవ్వనన్నందుకు తనకు తానే శిక్ష వేసుకుందో, లేక బతికినన్నాళ్ళూ నన్ను ఇలా ఉడికించాలనుకుందో నాకు తెలియదు. మంచితనం అని మీరంటారు. నేను అనను. అలా నోరు మూసుకున్నందుకు నేను ఆమెను ఈనాటికీ క్షమించలేదు.

ఆమె మంచం పట్టి, ఇంక రోజుల మనిషే అని తెలిశాక, నేను బెస్తపాలెం దాకా పోయి కొర్రమీనును తెచ్చాను. ఒక్కదాన్నే కూర్చుని, ఆమె చేసినట్టే, బూడిదా బండా ఉప్పూ చింతపండూ ఏదీ తగ్గకుండా బాగుచేసి, తలను విడిగా పులుసు పెట్టి, మా నాయన చెక్కిన గరిటెతో గిన్నెలోకి తీసి ఆమె దగ్గరికి తీసుకుపోయాను. వాసన చూసి కళ్ళు తెరిచింది. నా మొహం కాదు, మళ్ళీ ఆ బొటనవేలే చూసింది. "తిత్తి తీసినావా?" అన్నది. తీసినా అక్కా, అన్నాను. గిన్నెను వేలితో నా వైపుకు జరిపి, "అయితే తిను. బాగుచేసింది నువ్వు గదా" అని గోడ వైపు తిరిగి పడుకుంది. రెండు రోజులకు పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో చేప తలకు పోటీ లేదు, కత్తిపీటకూ పోటీ లేదు. చేదు పులుసు పెడితే అర్థమేమిటో తెలిసినవాళ్ళు ఊరు మొత్తం మీద ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళకూ పళ్ళు లేవు. ఆకలి లేని ఇల్లు మంచిదే, మా మనుమడి పెళ్ళాం నవ్వడమూ మంచిదేనేమో, పాపం ఆ పిల్ల ఎవరికీ ఏ ద్రోహమూ చేయలేదు. అయినా ఆదివారం మధ్యాహ్నం నేను లేచి పెరట్లోకి పోయి, పిల్లిని కర్రతో తోలి, మట్టి అంటిన ఆ తలను తెచ్చి, బూడిదతో రుద్ది కడిగి చేతిలో పెట్టుకుని నిలబడ్డాను. ఎవరికి పెట్టాలో తోచలేదు. నా మీద కోపం పెట్టుకునే హక్కున్న మనిషి ఈ ఇంట్లో ఇంకెవరూ లేరు.